పిన్నీసు కన్నా ముందు కంచు సూది: ఇరాన్ కొండల నుంచి మన కొలిమి దాకా

మన తండాల్లో, గూడేల్లో ఏ అమ్మను చూసినా చేతి గాజులకో, మెడలో గొలుసుకో రెండు మూడు పిన్నీసులు వేలాడుతుంటాయి. కొంగు జారకుండా పెట్టుకోవడానికి అదే. కాలిలో ముల్లు దిగితే తీయడానికి అదే. పిల్లవాడి చొక్కా గుండీ ఊడితే అప్పటికి ఆదుకునేదీ అదే. సంతలో అట్టకు గుచ్చి అమ్మే ఈ చిన్న వస్తువుకు కూడా చరిత్ర ఉంది. ఇప్పుడు మనం వాడే పిన్నీసుకు 1849లో అమెరికాలో వాల్టర్ హంట్ అనే ఆయన పేటెంటు తీసుకున్నాడు. అంతకు ముందు వేల ఏళ్ల పాటు మనుషులు బట్టను ఒంటి మీద నిలుపుకోవడానికి పొడవాటి సూదులు వాడారు. ముందు ఎముకతో, తర్వాత రాగితో, ఆ తర్వాత కంచుతో వాటిని చేసుకున్నారు.

అలాంటి కంచు సూదుల్లో లోకమంతా చెప్పుకునేవి ఇరాన్ దేశపు పడమటి కొండల్లో దొరికినవి. సుమారు 3,000 ఏళ్ల కిందటివి. మన సంఘం సంచికలో ఇరాన్ సూదుల కథ ఎందుకని మీరు అడగవచ్చు. రెండు కారణాలున్నాయి. వాటిని చేసిన పద్ధతులు మన జనగామ దగ్గర పెంబర్తిలోనూ, ఉత్తరాన ఆదిలాబాద్ ఓజాల ఇళ్లలోనూ నేటికీ బతికే ఉన్నాయి. అందుకే ఆ సూదులను మనం మ్యూజియం అద్దంలోంచి చూసే వాళ్లకన్నా బాగా అర్థం చేసుకోగలం. ఇక రెండోది, ఆ సూదులకు జరిగిన అన్యాయం మన వస్తువులకు జరగకూడదు. ఆ మాట చివర చెబుతాను. ముందు అవి ఎలా తయారయ్యాయో చూద్దాం.

ఒంటి మీద మోసుకెళ్లే సంపద

ఇరాన్ పడమటి వైపు జాగ్రోస్ పర్వతాలున్నాయి. ఆ కొండల్లో ఒక ప్రాంతం పేరు లూరిస్తాన్. గొర్రెలను, మేకలను తోలుకుని ఎండాకాలం పైకొండలకు, చలికాలం లోయలకు తిరిగే పశుపాలకులకు అది పేరు పడ్డ చోటు. క్రీ.పూ. 1000 నుంచి 650 దాకా అక్కడి వాళ్లు చేయించుకున్న కంచు వస్తువులు నేడు పారిస్ లూవ్ర్‌లో, లండన్ బ్రిటిష్ మ్యూజియంలో, న్యూయార్క్ మెట్రోపాలిటన్ మ్యూజియంలో, టెహ్రాన్ జాతీయ మ్యూజియంలో ఉన్నాయి. గుర్రపు కళ్లేలు, గొడ్డళ్లు, కంకణాలు, దేవతా ప్రతిమలు, సూదులు. వీటిలో ఇంట్లో స్థిరంగా పెట్టుకునే పెద్ద వస్తువులు తక్కువ. ఎక్కువ భాగం ఒంటి మీదనో, గుర్రం మీదనో వెంట తీసుకుపోగలిగినవే.

ఈ లెక్క లంబాడా పిల్లలకు ఎవరూ చెప్పనక్కర్లేదు. ఎద్దుల మీద ఉప్పు, ధాన్యం వేసుకుని దేశమంతా తిరిగిన మన పెద్దలకు గోడ మీద పటం పెట్టుకునే వీలేది? చెంపల పక్కన ఘుగ్రి, జడకు టోప్లి, చేతుల నిండా బలియా, ఫేటియా మీద అద్దాలు, గవ్వలు. కళ అంతా ఒంటి మీదే. ఊరు మారితే అదీ వెంటే మారేది. లూరిస్తాన్ సూది కూడా అలాంటిదే. దాని పని బట్టను పట్టి ఉంచడం. కానీ దాని తల మీద మేకపోతు కొమ్ములు, సింహాలు, రెండు జంతువులను చెరో చేత్తో పట్టుకున్న మనిషి, స్త్రీ ముఖం ఉంటాయి. ఆ జనం తమ భాషలో తమ గురించి రాసిపెట్టిన రాతలు మిగల్లేదు. మన కోయ భాషలా, గోర్‌బోలీలా వాళ్ల మాట కూడా నోటి మీదే నడిచింది. చేతి పనిలోనే వాళ్లు కనిపిస్తారు.

సూది పెట్టుకునే తీరు కూడా తెలుసుకోవాలి. కుట్టని పెద్ద బట్టను ఒంటికి చుట్టి, భుజం దగ్గర రెండు అంచులు కలిపి, సూదిని అందులోంచి లోపలికి, బయటికి దూర్చేవారు. ఇంకా పాత కాలపు సూదుల్లో కాడ మధ్యలో చిన్న బెజ్జం ఉండేది. ఆ బెజ్జంలో దారం కట్టి, దాన్ని సూది మొన చుట్టూ తిప్పితే సూది జారేది కాదు. పిన్నీసుకు టోపీ చేసే పనిని అక్కడ దారం చేసేదన్న మాట.

కంచు ఎందుకు?

రాగి ఒక్కటే అయితే మెత్తన. సూది వంగిపోతుంది. పది పాళ్ల లోహంలో తొమ్మిది పాళ్లు రాగి, ఒక పాలు తగరం కలిపితే మంచి కంచు అవుతుంది. గట్టిపడుతుంది, మొన నిలుస్తుంది. ఇంకో లాభం కూడా ఉంది. శుద్ధమైన రాగి కరగాలంటే 1085 డిగ్రీల సెల్సియస్ వేడి కావాలి. తగరం కలిసిన కంచు సుమారు 1000 డిగ్రీలకే నీరవుతుంది, అచ్చులో సన్నని సందుల్లోకి కూడా బాగా పారుతుంది. బొగ్గులు, తోలు తిత్తులు ఉన్న కొలిమికి ఆ వేడి అందుతుంది. తగరం ఐదో వంతుకు పైగా పెరిగితే మాత్రం లోహం బాగా మోగుతుంది గానీ పెళుసవుతుంది. గంటలకు, తాళాలకు అది కావాలి, సూదికి పనికిరాదు. రాగిలో జింకు కలిపితే వచ్చేది ఇత్తడి. మన దగ్గర నేడు పోతపోసే బొమ్మలు చాలావరకు ఇత్తడివే.

రాగి చాలా చోట్ల దొరుకుతుంది, తగరం అరుదు. జాగ్రోస్ కొండల్లో దేహ్ హొసైన్ అనే చోట రాగి, తగరం కలిసి దొరికే పురాతన గనిని పరిశోధకులు గుర్తించారు. మనకు దగ్గరగా చూస్తే, గోదావరి అవతల బస్తర్ ప్రాంతంలో, దంతెవాడ, సుక్మా వైపు వాగుల ఇసుకలోంచి ఆదివాసులు నేటికీ తగరపు ఖనిజాన్ని కడిగి తీస్తున్నారు. మన దేశంలో తగరానికి పేరున్న చోటు అదే. కంచు అంటే ఎక్కడిదో రాజుల లోహం అనుకోకండి. దాని ముడిసరుకు అడవిలోంచి, అడవి మనిషి చేతుల మీదుగానే వస్తుంది.

మామూలు సూది: సుత్తె పని

బొమ్మ లేని సాదా సూదికి పెద్ద తతంగం లేదు. రాయిలోనో, మట్టిలోనో గాడి చేసి అందులో కరిగిన కంచు పోస్తే కడ్డీ వస్తుంది. దాన్ని దాయి మీద పెట్టి సుత్తెతో కొట్టి పొడుగు సాగదీస్తారు. కంచును కొట్టేకొద్దీ బిగుసుకుంటుంది. ఇంకా కొడితే పగులుతుంది. అందుకని మధ్య మధ్యలో నిప్పుల్లో పెట్టి ఎర్రగా కాల్చాలి. అప్పుడు మళ్లీ మెత్తబడుతుంది. కాల్చడం, కొట్టడం, కాల్చడం, కొట్టడం. చివరి సారి కొట్టాక మాత్రం కాల్చరు. ఆ బిగువే మొనకు బలం. తర్వాత ఇసుకరాయి మీద నూరి మొన తీస్తారు. తల దగ్గర కాడను చదును చేసి చుట్టచుడితే సాదా సూది పూర్తవుతుంది. బెజ్జం కావాలంటే పోతలోనే ఉంచుకోవాలి, లేదా తర్వాత తొలవాలి.

బొమ్మల సూది: మైనం పని

జంతువుల తలలు, అల్లికలాంటి సందులున్న సూదులు సుత్తెతో రావు. అవి మైనంతో పుడతాయి. ఈ పద్ధతిని చూడాలంటే మ్యూజియం అక్కర్లేదు. కుమురం భీం ఆసిఫాబాద్ జిల్లాలోని ఉషేగాం, కేస్లాగూడ లాంటి ఊళ్లలో ఓజాలు అదే పని చేస్తారు. తరతరాలుగా రాజ్‌గోండుల దేవుళ్లకు ప్రతిమలు, గంటలు, నగలు పోసి ఇచ్చింది వాళ్లే. ఆ డోక్రా పనికి 2018లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. బస్తర్‌లో ఘడ్వాలు, బెంగాల్‌లో డోక్రా కమార్లు అదే కుటుంబం.

పని వరుస ఇది. తేనెమైనాన్ని గుగ్గిలం లాంటి బంకతో కలిపి కాస్త గట్టిపరుస్తారు. దాన్ని సన్నని దారాలుగా తీస్తారు. గంట లాంటి బోలు వస్తువైతే ముందు మట్టి గుండె చేసి, దాని మీద ఈ మైనపు దారాలను చుట్టుతారు. సూది తల బొటనవేలంత చిన్నది కాబట్టి లోపల మట్టి గుండె అక్కర్లేదు, మొత్తం మైనంతోనే చేస్తారు. మేక కొమ్ముకు ఒక మైనపు దారం, కంటికి ఒక చిన్న ఉండ, మెడ పట్టీకి ఇంకో దారం. లూరిస్తాన్ బొమ్మలను దగ్గరగా చూస్తే కంచు మీద ఆ దారాలు, ఉండలు అతికించిన ఆనవాళ్లు నేటికీ కనిపిస్తాయి. డోక్రా బొమ్మ మీద గీతలు చూసిన వాళ్లు వాటిని ఇట్టే పోల్చుకుంటారు.

బొమ్మ పూర్తయ్యాక లోహం లోపలికి రావడానికి ఒక మైనపు కాలువ, గాలి పోవడానికి మరో సన్నని దారి పెట్టాలి. గాలికి దారి లేకపోతే లోహంలో బుడగలు మిగిలి కొమ్ము సగంలో ఆగిపోతుంది. ఆ పైన బాగా నూరి వడకట్టిన మెత్తని మట్టి పూత వేస్తారు. గీత గీతకూ అంటుకోవలసింది ఈ పూతే. అది ఆరాక ఊకో, పేడో కలిపిన ముతక మట్టి దట్టంగా పూస్తారు. ఊక కాలిపోయి మట్టిలో సన్నని రంధ్రాలు మిగులుతాయి కాబట్టి వేడికి అచ్చు పగలదు. నీడలో ఆరబెట్టి, కాల్చినప్పుడు మైనం కరిగి బయటికి పోతుంది. దాని ఆకారం ఖాళీగా మట్టిలో మిగిలి ఉంటుంది. అచ్చు వేడిగా ఉండగానే కరిగిన లోహం పోయాలి. చల్లారిన అచ్చులో పోస్తే లోహం సగం దారిలోనే గడ్డకడుతుంది.

ఎంత లోహం కావాలో ఎలా తెలుస్తుంది? మైనం తూకాన్ని బట్టి. కల్యాణి చాళుక్య రాజు మూడవ సోమేశ్వరుడి పేరున 1130 ప్రాంతంలో వచ్చిన ‘మానసోల్లాసం’ అనే సంస్కృత గ్రంథం ఈ లెక్క చెబుతుంది. మైనానికి ఎనిమిది రెట్లు రాగి లేదా ఇత్తడి, పన్నెండు రెట్లు వెండి, పదహారు రెట్లు బంగారం. అప్పుడు మన ఓరుగల్లు సీమలో కాకతీయులు ఆ చాళుక్యులకే సామంతులు. రాజు కొలువులో పండితుడు పుస్తకంలో రాయకముందే ఆ లెక్క కొలిమి దగ్గర కూర్చున్న వాళ్ల చేతిలో ఉండి ఉంటుందన్నది నా నమ్మకం. తూకం వేయకుండా ఎవరూ పోత పోయలేరు మరి.

చివరికి అచ్చును పగలగొట్టి బొమ్మను బయటికి తీస్తారు. కాలువ ముక్కను కోసి, నూరి, మెరుగు పెడతారు. మైనం కరిగిపోయింది, మట్టి పగిలిపోయింది. కాబట్టి ఆ బొమ్మకు అచ్చుగుద్దినట్టు ఇంకోటి ఉండదు. మన నేల మీద ఈ విద్య ఎంత పాతదో సింధు నాగరికత చెబుతుంది. మొహెంజోదారోలో 1926లో దొరికిన నాట్యకత్తె ప్రతిమ ఇలా పోసిందే. సుమారు పదిన్నర సెంటీమీటర్ల ఆ చిన్న బొమ్మ వయసు 4,000 ఏళ్ల పైమాటే.

రేకు తల సూది: పెంబర్తి చూసిన వాళ్లకు తెలిసిన పని

మూడో రకం సూదికి తల పళ్లెం లాంటి గుండ్రని రేకు. ఆ రేకు నడుమ చాలాసార్లు స్త్రీ ముఖం, చుట్టూ పూలు, సింహాలు ఉంటాయి. ఒకదాని మీద ప్రసవిస్తున్న తల్లి బొమ్మ కూడా ఉంది. ఇది పోత కాదు. కంచును కాల్చి కొట్టి పలచని రేకు చేసి, మెత్తగా ఒదిగే బంక మీద పరిచి, వెనక వైపు నుంచి నొక్కి బొమ్మను పైకి ఉబికిస్తారు. తర్వాత ముందు వైపు నుంచి చిన్న ఉలులతో కన్ను, ముక్కు, జుట్టు గీతలు దిద్దుతారు.

హైదరాబాద్ నుంచి వరంగల్ వెళ్లే దారిలో జనగామ చేరకముందే వచ్చే పెంబర్తిలో ఒక్క గంట నిలబడితే ఇదంతా కళ్లారా చూడవచ్చు. అక్కడి విశ్వకర్మలు ఇత్తడి రేకును లక్క మీద అతికించి, చిన్న సుత్తెతో, ఉలులతో కొట్టి దేవుడి వాహనాలకు తొడుగులు, తోరణాలు, జ్ఞాపికలు చేస్తారు. కాకతీయుల కాలం నాటిదని చెప్పుకునే ఆ పనికి కూడా భౌగోళిక గుర్తింపు ఉంది. కింద మెత్తని పట్టు లేకపోతే రేకు చిరుగుతుంది. మరీ మెత్తనైతే బొమ్మ నిలవదు. మూడు వేల ఏళ్ల కింద లూరిస్తాన్ పనివాడికీ, ఇవాళ పెంబర్తి పనివాడికీ ఎదురయ్యే చిక్కు ఒకటే.

ఇనుప కాడ, కంచు తల

సుమారు అదే కాలంలో ఇరాన్ కొండల్లో ఇనుము వాడుకలోకి వచ్చింది. అప్పుడు కంసాలి ఒక తెలివైన పని చేశాడు. సన్నని పొడుగు కాడ ఇనుముతో, అందమైన తల కంచుతో. రెండింటినీ ఎలా కలిపాడు? ఇనుప కాడ ముందే చేసుకుని, దాని చివర మైనంతో బొమ్మ చేసి, మట్టి పూసి, కంచు పోశాడు. ఇనుము కరగాలంటే 1538 డిగ్రీలు కావాలి, కంచు వెయ్యికే కరుగుతుంది. కాబట్టి పోత పోసినా కాడకు ఏమీ కాదు. చల్లారేటప్పుడు కంచు కుంచించుకుని కాడను గట్టిగా కౌగిలించుకుంటుంది.

ఇనుము కథ మనకూ దగ్గరిదే. మహబూబాబాద్ జిల్లా బయ్యారం గుట్టల్లో ఇనుప ఖనిజం ఉందని చిన్న పిల్లలకూ తెలుసు. తాడ్వాయి అడవిలో దామరవాయి, పినపాక వైపు జానంపేటలో గుట్టల మీద పెద్ద రాతి పలకలతో కట్టిన గూళ్లు ఉన్నాయి. రాకాసి గూళ్లని మన వాళ్లు పిలిచే ఆ కట్టడాలు ఇనుప యుగపు సమాధులు. తెలంగాణలో తవ్విన అలాంటి సమాధుల్లో ఇనుప పనిముట్లు, నలుపు ఎరుపు కుండలు దొరికాయి. ఇరాన్ కొండల్లో కంచు తలకు ఇనుప కాడ తొడుగుతున్న కాలానికి కాస్త అటూ ఇటూగా మన గుట్టల్లోనూ కొలిమి వెలుగుతూనే ఉంది.

దేవుడికిచ్చిన సూదులు

ఈ సూదులు ఒంటికే కాదు, గుడికీ వెళ్లాయి. 1938లో ఎరిక్ ష్మిట్ అనే పురావస్తువేత్త లూరిస్తాన్‌లో సుర్ఖ్ దుమ్ అనే చోట ఒక పాత గుడిని తవ్వాడు. రేకు తల సూదులు ఆ గుడి గోడల సందుల్లో గుచ్చి కనిపించాయి. ఎవరో తల్లి బిడ్డ కోసం మొక్కుకుని, తన భుజం మీది సూదిని తీసి గోడలో గుచ్చి ఉంటుందని ఊహించుకోవడం మనకు కష్టం కాదు. మేడారంలో ఎత్తు బంగారం ఇచ్చిన ఇంటి పిల్లలం మనం. పూనుగొండ్ల నుంచి పగిడిద్దరాజు, కొండాయి నుంచి గోవిందరాజు బయల్దేరే రాత్రి డోలు, గంట మోగితే ఒళ్లు జలదరించే వాళ్లం. మొక్కు వస్తువు విలువ తూకంలో ఉండదని మనకు తెలుసు. అందుకే అక్కడ బెల్లాన్నే బంగారం అంటాం.

తవ్వి అమ్మేసిన చరిత్ర

ఇప్పుడు అసలు మాట. లూరిస్తాన్ కంచు లోకానికి ఎలా తెలిసింది? తవ్వకాల నివేదికల వల్ల కాదు. 1920ల చివర్లో అక్కడి పేద పల్లెల వాళ్లు కొండల్లోని పాత సమాధులను తవ్వి, దొరికిన కంచును వ్యాపారులకు అమ్మడం మొదలుపెట్టారు. అమ్మినవాడికి దక్కింది కొంచెం. చేతులు మారి ఐరోపా, అమెరికా చేరేసరికి ధరలు పెరిగాయి. గిరాకీ పెరగ్గానే నకిలీలు కూడా బయల్దేరాయి. నేడు మ్యూజియంలలో వేల వస్తువులున్నాయి. కానీ చాలావాటికి పక్కన రాసి ఉండే మాట ఒక్కటే: ‘లూరిస్తాన్, బహుశా’. ఏ ఊరు, ఏ సమాధి, పెట్టుకున్నది ఆడమనిషా, మగమనిషా, పక్కన ఇంకేమున్నాయి, ఏదీ లేదు. 1965 నుంచి 1979 దాకా బెల్జియం పరిశోధకుడు లూయీ వాండెన్ బెర్గ్ అక్కడి శ్మశానాలను పద్ధతిగా తవ్వి కొంత చరిత్రను నిలబెట్టాడు. అప్పటికే పోయింది తిరిగి రాలేదు.

దానికి పక్కనే ఇంకో ఉదాహరణ చూడండి. ఇరాన్ వాయవ్యంలో హసన్లు అనే ఊరు క్రీ.పూ. 800 ప్రాంతంలో శత్రువుల దాడిలో తగలబడింది. 1956 నుంచి అక్కడ జాగ్రత్తగా తవ్వారు. కంచు సింహాలున్న ఇనుప కాడల సూదులు, కూలిన భవనాల కింద చనిపోయిన వాళ్ల ఒంటి మీదే దొరికాయి. అందువల్ల ఎవరు పెట్టుకున్నారో, ఎక్కడ పెట్టుకున్నారో తెలిసింది. వస్తువు ఒకటే. చోటు తెలిస్తే అది మనిషి కథ చెబుతుంది. చోటు పోతే ఒట్టి లోహం మిగులుతుంది.

మన దేశంలోనూ మంచి ఉదాహరణ ఉంది. 1974లో మహారాష్ట్రలోని దైమాబాద్‌లో ఒక భిల్లు రైతు చెట్టు వేళ్లు తవ్వుతుంటే కంచు రథం, ఏనుగు, ఖడ్గమృగం, దున్నపోతు దొరికాయి. నాలుగూ కలిపి 60 కిలోల పైనే. అవి పాత ఇత్తడి బేరగాడి దగ్గర కరిగిపోలేదు, మ్యూజియంలకు చేరాయి. ఏ చోట దొరికాయో తెలుసు కాబట్టి ఆ తర్వాత అక్కడ పురావస్తు శాఖ తవ్వకాలు కూడా జరిపింది. దక్కన్ చరిత్రలో ఒక అధ్యాయం ఒక ఆదివాసీ రైతు గునపం మొనతో మొదలైంది.

మన చేతిలో ఉన్న పని

మన ఊళ్లలో ఏం జరుగుతోంది? పాత ఇత్తడికి కొత్త స్టీలు అని అరుచుకుంటూ బండి వస్తుంది. అవ్వ దాచుకున్న కడియం, తాత కాలపు గంట తూకానికి వెళ్లిపోతాయి. పట్నంలో అవే ‘ట్రైబల్ యాంటిక్’ పేరుతో గాజు బీరువా ఎక్కుతాయి. పక్కన పేరుండదు, ఊరుండదు. లూరిస్తాన్‌లో సమాధి తవ్వితే జరిగింది, మనకు గడప దగ్గరే జరుగుతోంది.

ఒక్క తేడా మాత్రం మనకు అనుకూలం. లూరిస్తాన్ సూది పెట్టుకున్న తల్లిని అడగడానికి ఆమె లేదు. మన అవ్వ ఉంది. పద్మశ్రీ సకిని రామచంద్రయ్య గారిని గుర్తు చేసుకోండి. మణుగూరు దగ్గర కూనవరం ఆయనది. డోలు, కంచుమేళం మీద సమ్మక్క సారలమ్మల కథను, ఇలవేల్పుల కథలను కాగితం చూడకుండా పాడిన మనిషి. 2022లో దేశం ఆయన్ను గౌరవించింది, 2024లో ఆయన వెళ్లిపోయారు. ఆయన గొంతుతో పాటు ఎంత వెళ్లిపోయిందో లెక్క కట్టగలమా?

కాబట్టి తమ్ముళ్లూ, చెల్లెళ్లూ, ఈ సెలవుల్లో ఒక పని చేయండి. ఇంట్లో ఉన్న ఒక్క పాత లోహపు వస్తువును ఎంచుకోండి. పక్కన స్కేలు పెట్టి ముందు, వెనక ఫోటో తీయండి. తూకం వేయండి. దాని పేరును అవ్వ పలికినట్టే, కోయలోనో గోర్‌బోలీలోనో, తెలుగు లిపిలో రాయండి. ఎవరు పెట్టుకున్నారు, ఏ పెళ్లికి, ఏ పండుగకు, ఏ సంతలో కొన్నారు, పోసిన వాళ్లు ఎవరు, అడిగి రాయండి. మైనపు దారాల గీతలున్నాయా, ఉలి దెబ్బలున్నాయా చూడండి. అది పోతనో రేకుపనో మీకే తెలుస్తుంది. ఇలవేల్పు వస్తువులైతే పెద్దలను, పూజారులను అడగకుండా ముట్టవద్దు, ఫోటో తీయవద్దు. వాళ్లు వద్దంటే వద్దు, అంతే.

రాకాసి గూళ్లను గుప్తనిధుల కోసం ఎవరైనా తవ్వుతుంటే ఆపండి. వాటిలో బంగారం కోసం వెతికిన వాళ్లు మన పూర్వీకుల చరిత్రను పగలగొడుతున్నారు. భూమిలో పాత వస్తువు దొరికితే కలెక్టరుకు తెలపాలని 1878 నాటి నిధుల చట్టం చెబుతుంది. వందేళ్లు దాటిన పురావస్తువులను దేశం దాటించడం 1972 చట్టం ప్రకారం నేరం. దొరికిన వస్తువును కడగకుండా, రుద్దకుండా, దొరికిన చోటును గుర్తుపెట్టి చెప్పడమే అన్నిటికన్నా పెద్ద సాయం.

వీలైతే ఒక్కసారి పెంబర్తి వెళ్లండి, ఉషేగాం వెళ్లండి. ఒక రోజు కొలిమి పక్కన కూర్చోండి. మైనం ఎలా కరుగుతుందో, లోహం ఏ రంగుకు వచ్చినప్పుడు పోయాలో కళ్లతో చూడండి. మీలో ఒక్కరు ఆ పని నేర్చుకున్నా మంచిదే.

పోత పోశాక అచ్చు పగిలిపోవడం ఆ పని ధర్మం. లూరిస్తాన్‌లో అచ్చుతో పాటు అడిగి చెప్పించుకోవలసిన మాట కూడా పోయింది. మన ఇళ్లలో ఆ మాట ఇంకా అవ్వ దగ్గర ఉంది. ఈసారి బండివాడు వీధిలో అరిస్తే, పాత గంటను చేతిలోకి తీసుకుని ముందు అవ్వ పక్కన కూర్చోండి. ఇది ఎక్కడిది అవ్వా అని అడగండి.